ఇంటర్‌ఫెరాన్ ఇంజెక్షనుకు భయపడి ఆగిపోయారా?



ఇరవై సంవత్సరాల క్రితం ఎవరికైనా రక్తపరీక్షలో హెపటైటిస్ సి ఉందని తేలితే, డాక్టరు గారి నోటి నుండి వచ్చే రెండవ మాట "ఇంటర్‌ఫెరాన్". వారానికి మూడు ఇంజెక్షన్లు. ఆరు నెలలు, కొందరికి సంవత్సరం. ఇంజెక్షను చేసిన సాయంత్రానికి చలిజ్వరం. ఇంత చేసినా తగ్గుతుందన్న హామీ లేదు. ఖర్చు చెప్పగానే పొలం గుర్తుకు వచ్చేది. ఆ మాట విని "ఇంట్లో అడిగి వస్తామండీ" అని వెళ్లి, మరల రాని వారు ఏ ఊరిలో చూసినా కనబడతారు. మన జగ్గయ్యపేట, నందిగామ మెట్ట పల్లెలు అందుకు మినహాయింపు కావు.

వారిలో చాలామంది ఈనాటికీ పొలం పనికి వెళ్తూనే ఉంటారు. నొప్పి లేదు, కామెర్లు లేవు కనుక జబ్బు దానంతట అదే పోయిందని అనుకుంటారు. హెపటైటిస్ సి అలా నమ్మించే జబ్బే. ఇరవై, ముప్పై సంవత్సరాలు చప్పుడు చేయకుండా లివరును గట్టిపరుస్తుంది. ఈ వ్యాసం ముఖ్యంగా వారి కోసము, వారి ఇంటివారి కోసము వ్రాస్తున్నాము. ఆనాడు భయపెట్టిన ఆ ఇంజెక్షను ఇప్పుడు హెపటైటిస్ సి కి వాడటం లేదు. దాని స్థానంలో మాత్రలు వచ్చాయి. అయితే ఇంటర్‌ఫెరాన్ కథ కూడా తెలుసుకోదగినదే, ఎందుకంటే అది బయట ఎక్కడో పుట్టిన మందు కాదు. ఇది చదువుతున్న మీ ఒంటిలో కూడా తయారవుతుంది.

ఇంటర్‌ఫెరాన్ అంటే ఏమిటి?

వైరస్ తనంతట తాను పెరగలేదు. అది మన కణములో దూరి, ఆ కణము చేతనే తనలాంటి వేల వైరస్‌లను తయారు చేయించుకుంటుంది. అవి బయటపడి ప్రక్క కణాల మీద పడతాయి. దీనిని మన శరీరము చూస్తూ ఊరుకోదు. వైరస్ దూరిన కణము తాను దెబ్బతింటూనే ఒక ప్రోటీనును బయటికి వదులుతుంది. ఆ ప్రోటీనే ఇంటర్‌ఫెరాన్.

రాత్రివేళ ఒక ఇంట్లో దొంగ పడ్డాడనుకోండి. ఆ ఇంటివారు "దొంగ, దొంగ" అని కేక వేస్తారు. ఆ కేక దొంగను పట్టుకోదు, కొట్టదు. కాని వీధిలో మిగతా ఇళ్లవారు లేచి గడియలు వేసుకుంటారు, కర్రలు పట్టుకుంటారు. ఇంటర్‌ఫెరాన్ సరిగా ఆ కేక వంటిది. అది వైరస్‌ను చంపదు. ప్రక్క కణాల మీద దానికోసమే ఉన్న ఒక తలుపును తడుతుంది. ఆ కబురు కణము లోపలికి చేరి, వందల కొద్దీ జన్యువులు మేల్కొంటాయి. కొన్ని వైరస్ తెచ్చుకున్న సమాచారాన్ని ముక్కలు చేసే పదార్థాలను తయారు చేస్తాయి. కొన్ని ప్రోటీన్ల తయారీనే ఆపి వేస్తాయి, వైరస్‌కు పనివాడు దొరకకుండా. రక్తంలోని తెల్లకణాలకు కూడా ఈ కేక వినబడుతుంది. ఇలా కణానికీ కణానికీ మధ్య కబురు మోసే ప్రోటీన్లను సైటోకైన్లు అంటారు. ఇంటర్‌ఫెరాన్ వాటిలో ఒకటి.

మీకు ఫ్లూ జ్వరం వచ్చినప్పుడు ఒళ్లంతా విరిచినట్లుండటం, చలి, తలనొప్పి, అన్నం సహించకపోవడం గుర్తుందా? అదంతా వైరస్ చేసిన పనే అనుకుంటాము. చాలావరకు అది మన స్వంత ఇంటర్‌ఫెరాన్, దానితోటి సైటోకైన్లు చేసే పని. అందుకే ఇంటర్‌ఫెరాన్‌ను మందుగా ఇంజెక్షను చేసినప్పుడు, ఏ వైరస్ రాకపోయినా, ఆ సాయంత్రం అచ్చం ఫ్లూ వచ్చినట్లే ఉండేది.

మన మిరప రైతులకు ఒక సంగతి. బొబ్బర తెగులు కూడా వైరస్ వలన వచ్చేదే, దానిని తెల్లదోమ మోసుకు వస్తుంది. కాని మొక్కలకు ఇంటర్‌ఫెరాన్ లేదు. వాటి కాపుదల పద్ధతి వేరు. ఇంటర్‌ఫెరాన్ వెన్నెముక గల ప్రాణులలోనే ఉంది.

కోడిగ్రుడ్డులో దొరికినది

1957లో లండన్ నగరంలోని జాతీయ వైద్య పరిశోధన సంస్థలో అలిక్ ఐజక్స్ అనే బ్రిటిష్ శాస్త్రవేత్త, స్విట్జర్లాండ్ నుండి వచ్చిన జీన్ లిండెన్‌మన్ కలిసి ఒక పరీక్ష చేశారు. పొదిగే కోడిగ్రుడ్డు లోపలి పొర ముక్కలను వేడిచేసి నిర్వీర్యం చేసిన ఫ్లూ వైరస్‌తో కలిపి ఉంచారు. తరువాత ఆ పొరలున్న ద్రవాన్ని తీసి క్రొత్త పొరలకు పోశారు. ఆ క్రొత్త పొరలలో బ్రతికున్న వైరస్ కూడా పెరగలేకపోయింది. వైరస్ పనికి అడ్డుతగులుతోంది గనుక, అడ్డుతగలడం అనే అర్థం వచ్చే ఇంగ్లీషు మాట నుండి దానికి ఇంటర్‌ఫెరాన్ అని పేరు పెట్టారు. జపానులో నగానో, కొజిమా అనే ఇద్దరు 1954లోనే ఇటువంటి పదార్థాన్ని గమనించారు గాని ప్రపంచానికి అది ఆలస్యంగా తెలిసింది.

పేరు పెట్టినంత తేలికగా మందు తయారు కాలేదు. షుగర్ రోగులకు చాలాకాలం పంది, ఎద్దుల నుండి తీసిన ఇన్సులిన్ ఇచ్చేవారని పెద్దలకు తెలుసు. అది మనిషికి పనిచేసింది. ఇంటర్‌ఫెరాన్ అలా కాదు. కోడి ఇంటర్‌ఫెరాన్ కోడికే పనిచేస్తుంది, మనిషికి పనికిరాదు. మనిషిది మనిషి నుండే తీయాలి. ఫిన్లాండ్ దేశంలో కారి కాంటెల్ అనే డాక్టరు గారు దాతలు ఇచ్చిన రక్తంలోని తెల్లకణాలను వేరుచేసి, వాటికి ఒక వైరస్ తగిలించి, అవి వదిలిన ఇంటర్‌ఫెరాన్‌ను పోగుచేసేవారు. ఎంతో రక్తము, ఎన్నో రోజుల పని. అంతా చేసి తీసిన మందులో అసలు ఇంటర్‌ఫెరాన్ నూటికి ఒక వంతు కూడా ఉండేది కాదు. 1978లో అమెరికా కేన్సర్ సొసైటీ ఒక పరీక్ష కోసం దీనిని కొనడానికి 20 లక్షల డాలర్లు కేటాయించింది. అంత డబ్బుకు వచ్చిన మందు నూట యాభై మంది రోగులకు అటు ఇటుగా సరిపోయేది.

దారి 1980లో తెరుచుకుంది. స్విట్జర్లాండ్‌లోని జూరిచ్ విశ్వవిద్యాలయంలో ఛార్లెస్ వైస్‌మన్ బృందం మనిషి ఇంటర్‌ఫెరాన్ జన్యువును తీసి ఒక బాక్టీరియాలో పెట్టారు. ఆ బాక్టీరియా మనందరి ప్రేగులలో ఉండే ఇ.కోలై జాతిది. అది ఇరవై నిమిషాలకు రెండవుతుంది. పాలలో తోడు వేసినట్లు కొంచెం వేస్తే తెల్లవారేసరికి తొట్టి నిండుతుంది. మనిషి జన్యువు దానిలో ఉంది కనుక, తనకు ఏ ఉపయోగమూ లేని మనిషి ప్రోటీనును అది చేస్తూ పోతుంది. తరువాత దానిని పగులగొట్టి, వడగట్టి, శుద్ధిచేసి ఇంటర్‌ఫెరాన్‌ను తీసుకోవచ్చు. ఒక ప్రాణి జన్యువును వేరొక ప్రాణిలో అతికించి ఇలా చేయించిన ప్రోటీనును రీకాంబినెంట్ ప్రోటీను అంటారు. మందు పెట్టె మీద పేరుకు ముందు ఆ మాట కనబడితే అర్థం అదే. ఇందులో మనిషి రక్తం గాని, జంతువు మాంసం గాని కలవదు. ఇప్పుడు షుగర్ రోగులు వాడే ఇన్సులిన్ కూడా చాలావరకు ఇలా చేసినదే.

ఇంటర్‌ఫెరాన్‌లో ఆల్ఫా, బీటా, గామా అని రకాలున్నాయి. లివరు జబ్బులకు వాడినది ఆల్ఫా. అందులో 2ఎ, 2బి అని రెండు మందులు వచ్చాయి. రెండూ 165 ఎమినో ఆమ్లాల గొలుసులే. ఆ గొలుసులో 23వ పూస ఒక్కటే తేడా. 1986లో అమెరికాలో ఈ రెండింటికీ ఒక అరుదైన రక్తపు కేన్సరు కోసం మొదట అనుమతి లభించింది. 1991లో ఆల్ఫా 2బిని హెపటైటిస్ సి కి అనుమతించారు. ఆ వైరస్‌ను కనుగొన్నది 1989లోనే. అంతవరకు దానిని ఎ కాని, బి కాని కామెర్లు అని మాత్రమే పిలిచేవారు. దానిని కనుగొన్న పనికి హార్వీ ఆల్టర్, మైఖేల్ హౌటన్, ఛార్లెస్ రైస్‌లకు 2020లో నోబెల్ బహుమతి లభించింది.

హైదరాబాదులో తయారైన మందు

ఇక్కడ మన తెలుగువారి పాత్ర చెప్పకుండా ముందుకు వెళ్లకూడదు. నెల్లూరు జిల్లాకు చెందిన కె.ఐ. వరప్రసాద్ రెడ్డి గారు ఎలక్ట్రానిక్స్ ఇంజనీరు. డాక్టరు కాదు, మందుల వ్యాపారీ కాదు. 1990ల తొలి రోజులలో జెనీవాలో జరిగిన ఒక సమావేశానికి వెళ్లి, హెపటైటిస్ బి టీకా టెక్నాలజీ భారతదేశం వంటి పేద దేశానికి ఎందుకన్న ధోరణిలో మాట్లాడటం విని మనసు నొచ్చుకున్నానని ఆయన పలుమార్లు చెప్పారు. 1993లో హైదరాబాదులో తన తల్లి శాంతమ్మ గారి పేరున శాంతా బయోటెక్నిక్స్ ప్రారంభించారు. మొదట ఉస్మానియా విశ్వవిద్యాలయంలో, తరువాత సి.సి.ఎం.బి.లో చోటు తీసుకుని పరిశోధన సాగించారు. 1997లో శాన్‌వాక్ బి టీకా విడుదలయింది. మన దేశంలో రీకాంబినెంట్ పద్ధతిలో తయారై మార్కెట్లోకి వచ్చిన మొదటి మందు అదే. దానిని చేసిపెట్టినది ఈస్ట్ జాతికి చెందిన ఒక సూక్ష్మజీవి. బ్రెడ్డు పొంగడానికి వేసే ఈస్టుకు చుట్టము అనుకోండి. విదేశీ టీకా డోసుకు వందల రూపాయలు పలుకుతున్న రోజులలో, ఇది యాభై రూపాయలకు వచ్చింది.

అదే కంపెనీ 2000 దశాబ్దపు తొలి సంవత్సరాలలో ఇంటర్‌ఫెరాన్ ఆల్ఫా 2బిని శాన్‌ఫెరాన్ అనే పేరుతో తెచ్చింది. అంతవరకు ఈ మందు దిగుమతి కావలసినదే. స్వదేశీ మందులు వచ్చిన తరువాత ధర దిగింది. మధ్యతరగతి వారు కొందరు అప్పు చేసయినా కొనగలిగారు. 2005లో వరప్రసాద్ రెడ్డి గారికి పద్మభూషణ్ లభించింది. 2009లో శాంతాను ఫ్రాన్సుకు చెందిన సనోఫీ కంపెనీ తీసుకుంది.

నా ఉద్దేశములో శాంతా వారు చేసిన మేలులో పెద్దది ఇంటర్‌ఫెరాన్ కాదు, ఆ టీకాయే. ఇంటర్‌ఫెరాన్ జబ్బు వచ్చినవారికి సగం సగం పనిచేసింది. టీకా జబ్బును రానివ్వలేదు.

ఆ ఇంజెక్షన్లు ఎలా ఉండేవి?

చికిత్స చేయించుకున్నవారికి ఇది చెప్పనక్కరలేదు. మామూలు ఇంటర్‌ఫెరాన్ ఒక్క డోసు 30 లక్షల యూనిట్లు. వారానికి మూడుసార్లు చర్మము క్రింద వేయాలి. మందు ఫ్రిజ్‌లోనే ఉండాలి, గడ్డకట్టకూడదు. కరెంటు పోయిన వేసవి మధ్యాహ్నాలలో మన మెట్ట ఊళ్లలో అది ఎంత ఇబ్బందో ఊహించుకోండి. ఇంజెక్షనైన కొన్ని గంటలకు చలి, జ్వరం, ఒళ్లు నొప్పులు. కొన్ని వారాలకు ఇవి కాస్త అలవాటయ్యేవి, కాని జుట్టు రాలడం, నీరసం, తెల్లకణాలు తగ్గడం, థైరాయిడ్ తేడా మొదలయ్యేవి. అన్నిటికంటె కష్టం మనసుకు. కొందరు విపరీతమైన దిగులులో పడి, ఎవరితోనూ మాట్లాడక, బ్రతకడమెందుకు అనే ఆలోచనల వరకు వెళ్లేవారు. ఇంట్లోవారు దానిని బద్ధకమనో, చిరాకనో అనుకునేవారు. అది మందు వలన వచ్చిన జబ్బని వారికి చెప్పవలసి వచ్చేది.

ఫలితం? ఇంటర్‌ఫెరాన్ ఒక్కటే సంవత్సరం పాటు వాడితే వందమందిలో పదహారు, పదిహేడు మందికి వైరస్ పూర్తిగా పోయేది. 1998 నుండి రైబావిరిన్ మాత్రలు కలిపారు, ఆ సంఖ్య నలభై వరకు వచ్చింది. 2001 నుండి వారానికి ఒక్కసారి చేసే పెగ్ ఇంటర్‌ఫెరాన్ వచ్చాక సగానికి కొంచెం పైన. మన దేశంలో ఎక్కువగా కనిపించే మూడవ రకం వైరస్‌కు ఇంకా మెరుగైన ఫలితమే ఉండేది. అయినా ఆస్తి అమ్మి, సంవత్సరం బాధపడి, చివరకు వైరస్ అలాగే ఉందని విన్నవారు చాలామంది. వారు నిరాశపడి మళ్లీ ఆసుపత్రి మెట్లు ఎక్కకపోతే వారిని తప్పు పట్టలేము.

ఇప్పుడు ఏమి మారింది?

2013 చివరిలో అమెరికాలో సోఫోస్‌బువిర్ అనే మాత్రకు అనుమతి వచ్చింది. ఇది ఇంటర్‌ఫెరాన్ వలె ఊరంతటినీ లేపే కేక కాదు. వైరస్ తన నకళ్లు తీసుకునే యంత్రాన్నే పట్టుకుని ఆపుతుంది. అమెరికాలో దాని ధర చూసి ప్రపంచమే ముక్కున వేలు వేసుకుంది. ఒక్క మాత్ర 1000 డాలర్లు. కాని 2014లో ఆ కంపెనీ మన దేశపు కంపెనీలకు తయారీకి అనుమతి ఇవ్వడంతో, 2015 నుండి హైదరాబాదుకే చెందిన నాట్కో, హెటిరో వంటివారు దానిని తక్కువ ధరకు తెచ్చారు. దీనితో పాటు డక్లాటాస్‌విర్ లేక వెల్పటాస్‌విర్ అనే రెండవ మందు కలుపుతారు.

రోజుకొకసారి నోటితో వేసుకునే మాత్రలు. సాధారణంగా 12 వారాలు. లివరు బాగా దెబ్బతిన్న కొందరికి రైబావిరిన్ కలపవలసి రావచ్చు, లేదా 24 వారాలు వాడవలసి రావచ్చు. వందమందిలో 95 మందికి వైరస్ పూర్తిగా పోతుంది. ఇంటర్‌ఫెరాన్ వాడి విఫలమైన వారికి కూడా ఇవి పనిచేస్తాయి. జుట్టు రాలదు, చలిజ్వరం రాదు. కొందరికి తలనొప్పి, కొంచెం అలసట, అంతే.

2018 జూలై 28న కేంద్ర ప్రభుత్వం జాతీయ వైరల్ హెపటైటిస్ నియంత్రణ కార్యక్రమాన్ని ప్రారంభించింది. దాని క్రింద హెపటైటిస్ బి, సి లకు పరీక్షలు, మందులు ప్రభుత్వ చికిత్సా కేంద్రాలలో ఉచితం. మన ప్రాంతము 2022 ఏప్రిల్ నుండి ఎన్.టి.ఆర్. జిల్లాలో ఉన్నది గనుక జిల్లా కేంద్రము విజయవాడ. మీకు దగ్గరలోని చికిత్సా కేంద్రము ఏదో ప్రభుత్వ ఆసుపత్రిలో గాని, మీ ఊరి ఏ.ఎన్.ఎం., ఆశా కార్యకర్తను గాని అడిగి తెలుసుకోండి.

ఎవరు పరీక్ష చేయించుకోవాలి?

ఆనాడు పాజిటివ్ అని విని ఆగిపోయినవారు అందరికంటె ముందు. తరువాత, 2001వ సంవత్సరానికి ముందు రక్తం ఎక్కించుకున్నవారు. మన దేశంలో దాతల రక్తానికి హెపటైటిస్ సి పరీక్ష తప్పనిసరి అయినది ఆ సంవత్సరంలోనే. కాన్పులో, ఆపరేషనులో, లారీ ప్రమాదంలో రక్తం ఎక్కించుకుని మరచిపోయిన వారుంటారు. అమ్మను, నాయనమ్మను అడగండి. డయాలసిస్ చేయించుకునేవారు కూడా తప్పక చేయించుకోవాలి. మన జిల్లాలోనే ఎ.కొండూరు మండలంలో కిడ్నీ జబ్బు ఎన్ని కుటుంబాలను బాధపెడుతున్నదో మీకు తెలుసు. ఒకే సిరంజి, ఒకే సూదితో పదిమందికి ఇంజెక్షన్లు వేసిన రోజులు మన పల్లెలు చూశాయి, వాటిని కూడా లెక్కలోకి తీసుకోవాలి. తిరునాళ్లలో పచ్చబొట్టు పొడిపించుకున్నవారు, బ్లేడు మార్చని గడ్డపు కత్తితో గీయించుకున్నవారు కూడా ఒక్కసారి చేయించుకోవడం మంచిది.

ఇది రక్తము ద్వారా అంటుకునే జబ్బు. ఒకే కంచంలో తిన్నందువలన, ఒకే గ్లాసుతో త్రాగినందువలన, కౌగిలించుకున్నందువలన, దగ్గినందువలన రాదు. సంస్కారపు గిన్నె వలన కూడా రాదు. పాజిటివ్ వచ్చిన కోడలికి విడిగా కంచం పెట్టడం, అల్లుడి ప్రక్కన కూర్చోకపోవడం అనవసరమైన క్రూరత్వం. తల్లి నుండి బిడ్డకు వచ్చే అవకాశం వందలో అయిదు వరకు ఉంటుంది, చనుపాలు మాత్రం మానవలసిన పనిలేదు. బ్లేడ్లు, నెయిల్ కట్టరు, పళ్లుతోముకునే బ్రష్ మటుకు ఎవరివి వారికి ఉండాలి.

పసరు మందు సంగతి కూడా చెప్పాలి. కామెర్లకు పసరు పోయించడం, చేతికి వాత పెట్టించడం మన దగ్గర ఉన్నదే. కలుషితమైన నీటి వలన వచ్చే ఎ, ఇ రకపు కామెర్లు ఎక్కువమందికి కొన్ని వారాలలో వాటంతట అవే తగ్గుతాయి. ఆ పేరు పసరుకు దక్కుతుంది. బి, సి రకాలు అలా కావు. కళ్లు తెల్లబడినా వైరస్ లోపల కూర్చుని ఉంటుంది. పసరుతో కామెర్లు తగ్గాయన్నవారు కూడా ఒకసారి బి, సి రక్తపరీక్షలు చేయించుకోవాలి.

హెపటైటిస్ బి వేరు

రెండింటినీ కలిపివేయకండి. సి కి టీకా లేదు, మాత్రలతో నయమవుతుంది. బి కి టీకా ఉంది, పూర్తిగా పోగొట్టే మందు ఇంకా లేదు. బి ఉన్నవారిలో అందరికీ మందు అక్కరలేదు. అవసరమైన వారికి టెనోఫోవిర్ లేక ఎంటెకావిర్ మాత్ర రోజూ, చాలా సంవత్సరాలు వాడాలి. ఎంపిక చేసిన కొందరికి పెగ్ ఇంటర్‌ఫెరాన్ ఇప్పటికీ ఇస్తారు. బిడ్డ పుట్టిన 24 గంటలలోపు హెపటైటిస్ బి టీకా వేయించడం మరువకండి. తరువాత ఆరు, పది, పద్నాలుగు వారాలలో వేసే టీకాలలో ఇది కలిసే ఉంటుంది.

"పరిశోధనకు మాత్రమే" అని వ్రాసిన సీసా

ఇంటర్‌ఫెరాన్ గురించి ఇంటర్‌నెట్‌లో వెతికే యువకులకు ఈ మాట. అక్కడ "రీకాంబినెంట్ హ్యూమన్ ఇంటర్‌ఫెరాన్" అని చిన్న సీసాలు కనబడతాయి. తూకము మైక్రోగ్రాములలో ఉంటుంది. క్రింద పరిశోధనకు మాత్రమే అని ఉంటుంది. ప్రోటీను అదే అయినా అది మందు కాదు. లేబరేటరీలో గాజు పళ్లెములలో పెంచిన కణాల మీద వాడటానికి చేసినది. ఏ వైరస్ ఇంటర్‌ఫెరాన్‌కు లొంగుతుంది, ఏది తప్పించుకుంటుంది అని శాస్త్రవేత్తలు దానితో చూస్తారు. దాని బలాన్ని కొలిచే పద్ధతి కూడా చిత్రంగా ఉంటుంది. కణాలకు ముందు ఇంటర్‌ఫెరాన్ ఇచ్చి, తరువాత వైరస్ వదులుతారు. సగం కణాలు బ్రతికేందుకు ఎంత ఇంటర్‌ఫెరాన్ సరిపోయిందో దానిని బట్టి యూనిట్లు లెక్కకడతారు. ఈ పనులలో కోతి కిడ్నీ నుండి వచ్చిన వీరో అనే కణాలను ఎక్కువగా వాడతారు. అవి స్వయంగా ఇంటర్‌ఫెరాన్ చేసుకోలేవు, బయటి నుండి ఇస్తే మాత్రం స్పందిస్తాయి. కనుక లెక్క తప్పదు.

మనిషికి ఎక్కించే ఇంజెక్షనుకు బాక్టీరియా విషపదార్థాలు లేవని, క్రిములు లేవని, డోసు సరిగా ఉందని ప్రతి బ్యాచీకి పరీక్షలు జరగాలి, ప్రభుత్వ లైసెన్సు ఉండాలి. పరిశోధన సీసాకు ఆ పూచీ లేదు. ఎంత చవకగా దొరికినా దానిని ఒంటికి ఎక్కించుకోకూడదు, ఎక్కిస్తామన్న వారిని నమ్మకూడదు.

ఆ సీసాల మీద జరిగే పని వ్యర్థం మాత్రం కాదు. కోవిడ్ రోజులలో, 2020లో ఒక అంతర్జాతీయ బృందం ప్రాణాపాయ స్థితికి చేరిన 987 మంది రోగుల రక్తం పరీక్షించగా, 101 మందిలో తమ స్వంత ఇంటర్‌ఫెరాన్‌నే అడ్డుకునే యాంటీబాడీలు కనిపించాయి. అంటే ఇల్లు దోచబడుతున్నప్పుడు కేక వేసేవాడి నోరు ఇంటివారే మూసినట్లు. ఒకే ఇంట్లో ఒకరికి జలుబుతో పోయి, వేరొకరు ఆక్సిజన్ మీదికి ఎందుకు వెళ్లారు అనే ప్రశ్నకు అది ఒక జవాబు. అలాగని ఇంటర్‌ఫెరాన్ ఇస్తే కోవిడ్ తగ్గిపోతుందని కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ అదే సంవత్సరం జరిపిన పెద్ద పరీక్షలో ఆసుపత్రిలో చేరిన రోగులకు ఇంటర్‌ఫెరాన్ బీటా వలన మేలు కనబడలేదు. 2021 ఏప్రిల్‌లో మన దేశంలో ఒక పెగ్ ఇంటర్‌ఫెరాన్‌కు కోవిడ్ కొరకు అత్యవసర అనుమతి ఇచ్చారు, కాని అది కోవిడ్ వైద్యంలో నిలదొక్కుకోలేదు. ఇంట్లో దొంగలు సర్దుకుని వెళ్లేటప్పుడు కేక వేస్తే ఏమి లాభం?

పరీక్షకు వచ్చేటప్పుడు

పాత కాగితాలు ఉంటే తెచ్చుకోండి. ఇరవై సంవత్సరాల క్రితపువైనా, చినిగినవైనా పనికివస్తాయి. లేకపోయినా పరవాలేదు.

మొదట చేసేది యాంటీబాడీ పరీక్ష. అది పాజిటివ్ వస్తే జబ్బు ఇప్పుడు ఉందని ఖాయం కాదు. వైరస్ సోకినవారిలో సుమారు మూడవ వంతు మందికి అది మొదటి ఆరు నెలలలోనే దానంతట అదే పోతుంది, యాంటీబాడీ మాత్రం మిగిలిపోతుంది. అందువలన వైరస్ నిజంగా ఉన్నదా అని చెప్పే ఆర్.ఎన్.ఎ. పరీక్ష తప్పనిసరి. దానిలో ఉన్నట్లు తేలితేనే మందు. లివరు ఎంత గట్టిపడిందో తెలుసుకునే పరీక్షలు, మందు మొదలుపెట్టక ముందు హెపటైటిస్ బి పరీక్ష కూడా చేస్తారు, ఎందుకంటే రెండూ ఉన్నవారిలో సి కి మందు వేస్తే బి రేగవచ్చు.

మీరు వాడే ప్రతి మందు డాక్టరు గారికి చూపించండి. గ్యాస్ మాత్రలే గదా అని దాచవద్దు, అవి వెల్పటాస్‌విర్ ఒంటికి పట్టకుండా చేస్తాయి. టి.బి. మందులలోని రిఫాంపిసిన్, మూర్ఛకు వాడే కొన్ని మాత్రలు, గుండె లయకు వాడే అమియోడరోన్ వీటితో కలిపి వాడకూడదు. గర్భవతులు ముందుగానే చెప్పాలి. సారా, బ్రాంది పూర్తిగా మానాలి. వైరస్ పోయినా త్రాగుడు ఆపకపోతే లివరు మిగలదు.

కోర్సు మధ్యలో మాత్రలు మానవద్దు. పూర్తయిన 12 వారాలకు మరల ఆర్.ఎన్.ఎ. పరీక్ష చేస్తారు. అందులో వైరస్ లేకపోతే నయమయినట్లే. ఆ తరువాత ఎప్పుడైనా ఎవరైనా కార్డు మీద యాంటీబాడీ పరీక్ష చేసి పాజిటివ్ అంటే కంగారు పడకండి. అది పాత గాయపు మచ్చ వంటిది, జీవితాంతం ఉంటుంది. నయమైన రిపోర్టు జాగ్రత్తగా దాచుకుని చూపించండి. ఆపరేషనుకు వెళ్లినప్పుడు, ఉద్యోగపు మెడికల్ పరీక్షకు వెళ్లినప్పుడు ఆ కాగితమే మీకు సాక్షి. లివరు అప్పటికే గట్టిపడి ఉన్నవారు మాత్రం వైరస్ పోయినా ఆరు నెలలకు ఒకసారి స్కానింగు మానకూడదు, ఎందుకంటే కేన్సరు అవకాశం తగ్గుతుందే గాని పూర్తిగా పోదు.